ఎప్పుడొచ్చిందని అడిగే ప్లీడరమ్మ

ఈ నెల పద్నాలుగు, గురువారం. పొద్దున ఎనిమిదిన్నరకు వెళ్లేసరికి ప్లీడరమ్మ ఇంటి గేటుకు తాళం వేసి ఉంది. ఆ గేటుకు తాళం అనేది ఒకటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఎదురింటావిడ నన్ను చూసి ఇవతలికి వచ్చింది. "తెల్లారేటప్పుడు గుండెనొప్పి వచ్చింది పాపా. ఆస్పత్రికి చేరేలోపలే పోయినారు. నీకెవరూ ఫోన్ చేయలేదా?" అంది.

ఎవరు చేస్తారు? నేను ఆమెకు ఏమవుతానో తెలిసినవాళ్లే లేరు. అనంతపురంలో లా చదువుతూ, కాలేజీకి ముందు రోజూ గంటన్నర ఆమె దగ్గర పని నేర్చుకునేదాన్ని. ఆమె ఆదాయపు పన్ను కేసులు చూసే వకీలు. పెళ్లి చేసుకోలేదు. ఇంటి ముందుగదే ఆఫీసు.

మొదట్లో గేటు దగ్గరికి మాటలు వినిపిస్తే లోపల ఎవరో ఉన్నారనుకుని అరుగు మీద ఆగేదాన్ని. ఎవరూ ఉండేవారు కాదు. ఆమె ఒక్కరే తీర్పులు పైకి చదువుకునేవారు. ఎందుకని అడిగితే, "నోటికి రాని వాక్యంలో ఏదో దాచిపెట్టినారని అర్థం పాపా" అన్నారు. నాకు మాటల మీద ఇష్టం పుట్టింది ఆ గదిలోనే.

అక్కడ బల్ల గోడకు ఆనించి ఉండేది. వచ్చినవాళ్లు ఆమె పక్కనే కూర్చోవాలి. మొహమాటపడి నిలబడితే, "కూచోప్పా. కాగితం ఇద్దరం ఒకవైపు నుంచే సూడాల" అనేవారు.

ఎక్కువగా వచ్చేవి రీఅసెస్‌మెంట్ నోటీసులు. ఎప్పుడో ముగిసిన సంవత్సరం ఆదాయాన్ని మళ్లీ పరిశీలిస్తామని పన్ను శాఖ పంపే కాగితాలు. అందరూ అందులో ఏముందో చూసి భయపడతారు. ఆమె ముందు అది ఎప్పుడు బయలుదేరిందో చూసేవారు. పాత సంవత్సరాన్ని తెరవడానికి చట్టంలో గడువుంటుంది. గడువు దాటి పంపిన నోటీసు చెల్లదని హైకోర్టులో వాదించవచ్చు. "మనల్ని అడిగే హక్కు వాళ్లకుండాది. ఎప్పుడంటే అప్పుడు అడిగే హక్కు ల్యా" అనేవారు.

ముదిగుబ్బ దగ్గర నుంచి గొర్రెలు మేపే ఒకాయన వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. చాలా ఏళ్ల కిందట నాలుగిళ్ల గొర్రెలు కలిపి అమ్మి, డబ్బు తన ఖాతాలో వేసి, తర్వాత పంచాడు. అదంతా ఆయన ఆదాయమేనని ఉత్తర్వు వచ్చింది. ఖాతా ఆగిపోయింది.

"నోటీసు ఎప్పుడొచ్చింది?" అని ప్లీడరమ్మ అడిగారు.

"పన్ను కట్టమంటాండారమ్మా."

"ఏమొచ్చిందని అడగలేదప్పా. ఎప్పుడొచ్చిందని అడిగినా."

"వానలు పడినప్పుడమ్మా."

"ఈ సీమలో వాన పడిందంటే కోర్టు నమ్మదు. తేదీ చెప్పు."

ఆయన నవ్వాడు. తర్వాత తెలిసింది. వానల్లో ఆయన చేతికి వచ్చింది చివరి ఉత్తర్వు మాత్రమే. అసలు నోటీసు ఈమెయిల్లో వెళ్లింది. ఆ మెయిలు ఆయనది కాదు.

"నాకు మెయిలు యాడిదమ్మా? పాన్ కార్డుకు పోయినప్పుడు నెట్ సెంటరాయప్ప తనదే రాసినాడు."

పన్ను శాఖ వెబ్‌సైటులోంచి తీసిన నోటీసు మీద వేసిన తేదీ మార్చి ముప్పై ఒకటి, అంటే గడువుకు చివరి రోజు. ఆ మెయిలు ఏప్రిల్లో వచ్చి ఉంటే కేసు నిలబడుతుంది. ఎప్పుడొచ్చిందో చెప్పగలిగింది ఆ నెట్ సెంటరాయన ఒక్కడే.

పిటిషన్ ముసాయిదా నన్ను రాయమన్నారు. నేను ఉత్సాహంగా 'నిరుపేద, అమాయకుడు, అక్షరం తెలియనివాడు' అని మొదలుపెట్టాను. ఆమె మూడింటినీ కొట్టేశారు. "ఆయప్ప పేదోడని చెప్పేదానికి పోతాండామా? కాగితం గడువు దాటి వచ్చిందని చెప్పేదానికి పోతాండాం." నాకు చిన్నతనంగా అనిపించింది. గొర్రెలాయన మాత్రం, "అక్షరాలొస్తాయి పాపా, సంతకం పెడతా" అన్నాడు.

నెట్ సెంటరాయన ఇప్పుడు కళ్యాణదుర్గంలో మొబైల్ దుకాణం నడుపుతున్నాడని ప్లీడరమ్మ కనుక్కున్నారు. ఫోన్ చేస్తే, "నన్ను కోర్టుల్లోకి లాగద్దు మేడం" అని పెట్టేశాడు. ఆమెకు కోపం రాలేదు. "ఫోన్లో మాట్లాడితే ఎదురెదురుగా కూచున్నట్టే పాపా. పోయి పక్కన కూచోవాల. సోమవారం పోదాం" అన్నారు. అది బుధవారం.

గురువారం సాయంత్రానికి బళ్లారి నుంచి ఆమె తమ్ముడు వచ్చాడు. అరుగు మీద పదిమంది దాకా చేరారు. చాలామంది చంకల్లో కాగితాలు పెట్టుకున్న ప్లాస్టిక్ కవర్లున్నాయి. చావు కబురు తెలియక పనిమీద వచ్చినవాళ్లు వాటిని ఎక్కడ దాచాలో తెలియక పట్టుకునే నిలబడ్డారు. గొర్రెలాయన కూడా అలాగే వచ్చాడు. అంతా అయ్యాక గేటు దగ్గర మెల్లగా అడిగాడు. "మా కాగితం ఇంక ఎవరు సూస్తారు పాపా?"

సోమవారం వచ్చింది, పోయింది. నేను వెళ్లలేదు. రోజూ ఎనిమిదిన్నరకు కాళ్లు ఆ వీధికే తీసుకుపోతున్నాయి. తాళం చూసి కాలేజీకి వెళ్తున్నాను. హాస్టల్ గదిలో ముసాయిదా పైకి చదువుకుంటుంటే, నాతో ఉండే అమ్మాయి తలుపు తోసి, "ఎవరే వచ్చింది?" అంది. ఎవరూ లేరని చెప్పాను.

ప్లీడరమ్మ పంపే కేసులను హైకోర్టులో వాదించే వకీలు గారికి నిన్న నేనే ఫోన్ చేశాను. పిటిషన్ ఆయనే వేయాలి. మెయిలు వచ్చిన తేదీ కనిపించే నకలు ఈ వారంలో అందితే వేస్తానన్నారు. అది లేకపోతే తన చేతిలో ఏమీ లేదన్నారు. సాయంత్రం గొర్రెలాయనకు చెప్పాను. "నువ్వొస్తావా పాపా?" అన్నాడు. వస్తానన్నాను.

రేపు పొద్దున ఆరు గంటల కళ్యాణదుర్గం బస్సు. దుకాణంలో అడ్డంగా ఒక గాజు కౌంటర్ ఉంటుంది. దానికి ఇవతల నిలబడి ఏమీ అడగను. లోపలికి రావచ్చా అన్నా అని అడుగుతాను. రమ్మంటే అటువైపు వెళ్లి, ఆయన పక్కన స్టూలేదైనా ఉంటే కూర్చుని, ఇద్దరికీ కనిపించేలా నోటీసు పరుస్తాను. అందులో ఏముందో చెప్పను. ఎప్పుడొచ్చిందని మాత్రం అడుగుతాను.