కింది అర్రలో చెరువు

ఆ రోజుల్లో మా వైపు కోపం మగవాళ్లకు మీసంతోపాటు వచ్చేది. ఆడపిల్లకు వస్తే మాత్రం దిష్టి తీసేవారు. నాకు చాలాసార్లు తీశారు, తగ్గలేదు. సత్తుపల్లి నుంచి దమ్మపేట పోయే దారిలో మా ఊరు. అడవి వైపు నుంచి వచ్చే వాననీళ్లు మా ఇంటి పక్కగా బాట దాటి వాగులో కలిసేవి. నాకు పద్దెనిమిదేళ్లప్పుడు ఆ బాట మీద మోకాలెత్తున మొరం పోసి రోడ్డు చేశారు. నీళ్లు పోవడానికి అడుగున తూము వేయాలి కదా, అది వేయలేదు. రోడ్డు కాస్తా కట్టయింది, మా ఇల్లు చెరువయింది. ఇంటి కింద మెట్లు దిగి వెళ్లే గది, ఒక అర్ర, ఉండేది. చల్లగా ఉంటుందని విత్తనపు పల్లికాయ బస్తాలు అందులోనే పెట్టేవాళ్లం. కాంట్రాక్టరును ఎప్పుడడిగినా "రేపు ఏపిస్తా" అనేవాడు. ఊళ్లో ఆయన అసలు పేరు మరిచిపోయి రేపాయన అనేవాళ్లు. మా నాయన ప్రతిసారీ "పెద్దమనిషి, ఏపిస్తడు తియ్" అనేవాడు. (నాకు రేపాయన మీదకన్నా ఆ 'తియ్' మీదే ఎక్కువ కోపం.)

విత్తనాలు వేయాల్సిన వారంలో తెల్లవారుజామునే వాన దంచింది. లేచి చూస్తే కింది అర్ర మెట్ల మీద నీళ్లు. ముందు వాకిట్లో మట్టితో గట్టు వేశాను, కొట్టుకుపోయింది. ఇంటి చుట్టూ కాలువ తీశాను, అది పోయి పోయి రోడ్డుకే తగిలి ఆగింది. ఇక ఒళ్లు మండి గడ్డపార తీసుకుని రోడ్డెక్కాను. "నడి రోడ్డు మీద ఆడపిల్లవి, ఏందే గది?" అని అమ్మ అరుస్తూ వచ్చింది. వచ్చి, నా పక్కనే నిలబడి పారతో మొరం ఎత్తిపోసింది. జానెడు గండి పడగానే మిగతా పని నీళ్లే చేసుకున్నాయి. రోడ్డు నడుమ నుంచి వాగులోకి అవి దూకుతుంటే నేను గంతులు వేశాను. కంప అడ్డం పెట్టాలన్న ఆలోచన వచ్చేలోపే పొద్దుటి బస్సు వచ్చింది. ముందు చక్రం గండిలో కూర్చుంది.

ఎవరికీ దెబ్బలు తగల్లేదుగానీ, దిగిన ప్రతివాడూ తిట్టుకుంటూనే దిగాడు. వాళ్లలో తెల్ల చొక్కాతో రేపాయన!

"ఎవరు తవ్విండ్రు?"

"నేనే."

"సర్కారు రోడ్డు తవ్వుతవా? కేసు పెడత!"

"పెట్టుండ్రి. తూము ఎక్కడేసిండ్రో గది గూడ రాయుండ్రి!" అన్నాను, గడ్డపార వదలకుండానే.

"తూము ఏయలేదా?" అని డ్రైవరు ఆయన వైపు తిరిగాడు. అప్పటిదాకా నన్ను తిట్టిన నోళ్లన్నీ అటే తిరిగాయి. ఇంతలో నాయన కింది అర్రలోంచి నీళ్లోడుతున్న బస్తా ఒకటి భుజాన మోసుకొచ్చి, రేపాయన చెప్పుల ముందు దించాడు. గొంతు పెంచలేదు.

"అయ్యా, మీరు రేపన్నరు. విత్తనం ఇయ్యాల్నే తడిసె."

నాయనకు కోపం వస్తే ఇలా ఉంటుందని నాకు ఆ పూటే తెలిసింది. సాయంత్రానికి తూము గొట్టాలు ట్రాక్టరులో వచ్చాయి. సగం విత్తనం దక్కింది. మొలకకు పనికిరాని మిగతా సగాన్ని వేయించి, ఉడికించి, పచ్చడి నూరి, నెల రోజులు మాకు పెట్టింది అమ్మ. ఊరు నాకు గండిపిల్ల అని పేరు పెట్టింది. ఆ పేరు విని ఒక పెళ్లి సంబంధం గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయింది. (పోనీలెండి, వాళ్ల ఇల్లూ పల్లంలోనే ఉందట.)

ఇప్పుడు ఖమ్మంలో ఉంటున్నాను. ఎంత కోపం వచ్చినా ముందు 'దయచేసి' అనే మాట వస్తుంది, తర్వాత ఆయాసం వస్తుంది. మోకాళ్ల దాకా బురదతో ఆ గండిపిల్ల ఎదురైతే పక్కన కూర్చోబెట్టుకుని, "కొంచెం మెల్లగా మాట్లాడమ్మా" అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినదు. వినదని తలుచుకుంటే ఎందుకో నవ్వొస్తుంది.