ఏ శాఖకూ చెందని పేపరు

హిందూపురంలో అంజుమ్ చదువు సంగతి ఎత్తితే చాలు, చుట్టాలంతా ఎన్ని భాషలు వచ్చని అడిగేవాళ్ళు. చదివింది అనువర్తిత భాషాశాస్త్రమని చెబితే అడగడమే మానుకునేవాళ్ళు. వాళ్ళననుకుని ఏం లాభం? పెనుకొండలో ఆమె పాఠం చెప్పే కాలేజీలోనే అది ఏ శాఖ కిందికొస్తుందో తేలలేదు. ఇంగ్లీషువాళ్ళు నువ్వు కావ్యాలు చెప్పవు గదా అన్నారు. వ్యాకరణంవాళ్ళు ఇందులో సిద్ధాంతం యాడుండాది అన్నారు. అడ్మిషన్ల కరపత్రం రాయాల్సి వస్తే మాత్రం అందరికీ అంజుమే గుర్తొచ్చేది.

ఈ ఏడు ఆమె పేపరు తీసేద్దామన్న మాట లేచింది. పేపరు పోతే కాంట్రాక్టు ఉద్యోగమూ పోతుంది. తేల్చడానికి ధర్మవరంలో సిలబస్ కమిటీ కూర్చుంది. ప్రిన్సిపాల్ సంజీవప్ప మంచివాడే గానీ నలుగురిలో నోరు పెగలదు. అంజుమ్‌కి ఆ ఇబ్బంది లేదు.

"ఈ శాస్త్రంతో ఎవరికి ఏం ఒరిగిందమ్మా?" అన్నాడు చైర్మన్.

అంజుమ్ ఆదెమ్మ సంగతి చెప్పింది. ఆదెమ్మ ధర్మవరంలో, కాళ్ళు గుంతలో పెట్టుకుని కూర్చునే మగ్గం మీద పట్టుచీరలు నేసే మనిషి, అరవై దాటింది. చక్కెర జబ్బుకి మూడు పూటలా మాత్రలు రాసిచ్చినా రెండుసార్లు కళ్ళు తిరిగి పడింది. డాక్టరు ప్రతిసారీ విడమరిచి చెప్పి, అర్థమైందా అని అడిగేవాడు. అయింది సార్ అనేది. రోగులతో మాటలెట్లా సాగుతాయో చూపడానికి శనివారాలు తన విద్యార్థులను వెంటబెట్టుకుని ఆ డాక్టరు క్లినిక్‌లో కూర్చునే అంజుమ్ ఇంకో రకంగా అడిగింది.

"అవ్వా, మాత్రలు ఎట్లా మింగుతావో కోడలికి చెప్పినట్టు నాకు చెప్పు."

"మూడూ పొద్దున్నే ఒకేతూరి మింగి మగ్గం గుంతలోకి దిగుతా తల్లీ. దిగినాక పని విడిచి నడిమధ్యలో ఎవరు లేస్తారు?"

"మూడు పూటలని సార్ చెప్పినాడు గదా?"

"చెప్పినాడు. కుదరదని పెద్దాయనకు ఎదురు చెప్తామా?"

ఆదెమ్మకు అన్నీ అర్థమయ్యాయి. పెద్దవాళ్ళ ముందు కాదనడం ఆమెకు మర్యాద కాదు, అంతే. అంజుమ్ ఆ మాట చేరవేస్తే, ఆమె గుంత దిగే వేళ, లేచే వేళ చూసి డాక్టరు మాత్రలు మార్చి రాశాడు. మళ్ళీ పడలేదు. ఇప్పుడాయన ఏ రోగినీ అర్థమైందా అని అడగడు, మీరే చెప్పండి వింటా అంటాడు.

చైర్మన్ గొంతు సవరించుకుని, "ఉద్యోగం ఉండనిస్తాం. పేపరుకు సంభాషణా నైపుణ్యాలని పేరు పెట్టండి, అందరికీ తెలుస్తుంది" అన్నాడు. సంజీవప్ప ఒప్పుకోమన్నట్టు కళ్ళతోనే బతిమాలాడు.

అంజుమ్‌కి ఒళ్ళు మండింది. "ఇది మాట్లాడటం నేర్పే పేపరు కాదు సార్. చెప్పినవాడికీ విన్నవాడికీ మధ్య మాట యాడ ఆగిపోయిందో కనుక్కునే పేపరు. ఆ పేరు పెడితే చెప్పడానికి వేరేవాళ్ళను చూసుకోండి."

చైర్మన్ ఆమెను ఎగాదిగా చూశాడు. "సరే, ఒక్క ఏడాది. ఈ పేరుతోనే. పిల్లలు చేరకపోతే నన్ను అడగొద్దు."

"చేరతారు" అంది అంజుమ్.

గుమాస్తా సంతకాల కాగితం ముందుకు తోశాడు. శాఖ అన్నచోట నాలుగేళ్ళుగా ఆమె పేరు పక్కన ఇంగ్లీషనే రాస్తున్నారు. ఈసారీ అలవాటుగా ఆయన అదే రాయబోతుంటే పెన్ను తీసుకుని, అనువర్తిత భాషాశాస్త్రమని గళ్ళు దాటేంత పెద్దగా రాసి సంతకం పెట్టింది.