బాలమ్మ పలకని పేరు

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు, 2015. మర్రిగూడ దిక్కు ఒక ఊళ్లో బాలమ్మ ఇంటి వాకిట్లో కూర్చున్నాను. చదువు రానివాళ్లు చెవితో విని తెలుసుకునేటట్టు బైబిలును మన మాట తీరులోకి తెచ్చే పని మాది. అందులో నా వంతు దేవుని పేర్లు. హీబ్రూలో దేవునికి ఒక్క పేరు కాదు, చాలా ఉన్నాయి. తెలుగు అక్షరాలు నేను పెండ్లయి పిల్లలు పుట్టినాక నేర్చాను, హీబ్రూ అక్షరాలు తల నెరిసినాక. అందుకే ఏ పేరునూ తేలికగా తీసుకోలేదు.

మా పనిలో రీటెల్లింగ్ అని ఒక పరీక్ష ఉంది. డ్రాఫ్ట్, అంటే కచ్చా ప్రతి, చదివి వినిపిస్తాం. విన్నవాళ్లు తిరిగి చెప్పాలి. వాళ్లు ఏ ముక్క వదిలేస్తే ఆ ముక్క మేము సరిగా రాయలేదని లెక్క. మధ్యలో వివరించకూడదు, ఎందుకు వదిలావని అడగకూడదు. బాలమ్మ ఒకసారి విన్నది మరవదని ఆ ఊరి చర్చిలో పేరు. అందుకే ఆమె దగ్గరికి పోయాను.

ఆ రోజు హాగరు కథ. యజమానురాలి బాధ పడలేక గర్భిణి అయిన దాసి ఎడారిలోకి పారిపోతుంది. నీళ్ల దగ్గర దేవదూత ఆమెను కలుస్తాడు. అక్కడ ఆమె దేవునికి తానే ఒక పేరు పెడుతుంది, ఎల్ రోయి అని. నన్ను చూసే దేవుడు అని అర్థం. అక్కడి బావికి కూడా ఆ పేరు మీదే పేరు నిలిచింది.

"చెప్పు చెల్లె, విన్నది విన్నట్టే" అన్నాను.

"ఏమున్నదన్నా. పనిదాని కడుపు పండింది, అమ్మగారికి కండ్లు మండినయ్. సావగొట్టింది. గిది ఉరికింది. యాడికి పోతది పాపం, నీళ్ల కాడ కూసుంది. దేవదూత వచ్చి మళ్ల గా ఇంటికే పొమ్మన్నడు. పోయింది. గంతే."

అంతా ఉంది, పేరు లేదు. హైదరాబాదులో హీబ్రూ తెలిసిన మా సారు ఆ పేరుకు మాట మార్చి ఇచ్చాడు. మళ్లీ పోయాను. మళ్లీ అంతా చెప్పింది, పేరు చెప్పలేదు.

"మీ సారుకు ఇంకో కథ రాదా ఏంది?" అని నవ్వింది కూడా.

మూడోసారి పోయినప్పుడు ఆమె బిడ్డ సునీత గడపలో ఉంది. ఆ పిల్ల నడవదు. కాళ్లు వంకర తిరిగి, చేతుల మీద జరుగుతుంది. ఆ దిక్కు ఫ్లోరైడు నీళ్లు చేసిన పని. చదివి వినిపించాను. బాలమ్మ మళ్లీ ఆ పేరు దాటేసింది. ఇక ఆగలేక, నియమం పక్కనబెట్టి అడిగాను.

"పేరు మతికుంటలేదా చెల్లె?"

ఆమె ఇంటి ముందటి బోరింగు పంపు దిక్కు చూసింది.

"మతికుందన్నా. మొదటి దినం నుంచే ఉంది. ఆమెకు నీళ్ల కాడ దేవుడు కనబడ్డడు. నా పాలు సాలకపోతే డబ్బా పాలు గీ నీళ్లల్లనే కలిపి, నా చేతితోనే తాపిన దీనికి. సల్లటి నీళ్లు, దేవుడిచ్చినయనుకున్న. ఆయన నన్ను సూడలేదంటే అబద్ధమైతది. సూసి ఊకున్నడంటే పాపమైతది. అందుకే గాడ నోరు మూసుకుంటున్న."

కాగితాలు సంచిలో పెట్టుకొని లేచాను.

సారుకు ఉన్నదున్నట్టు చెప్పాను. "అర్థమైనట్టే కదా మరి" అన్నాడు. అర్థమైనట్టే. ఆ పేరుకు రాసిన మాటే ఖాయమైంది, రికార్డయింది.

కొన్నేళ్లకు ఆ ఊరికి నల్లాల్లో మంచి నీళ్లు వచ్చాయి. సునీత కాళ్లు మాత్రం అట్లాగే ఉన్నాయి. రికార్డింగు తీసుకుపోయి వాకిట్లో వినిపించాను. ఆ పేరు రాబోయే చోట బాలమ్మ లేచి బిందె కడగబోయింది. సునీత మాత్రం చివరిదాకా విన్నది.

"మామా, గా బాయి నీళ్లు ఎసొంటియో రాసి ఉన్నదా?"

"రాయలేదు బిడ్డా."

"మీ హీబ్రూల గూడనా?"

"అండ్ల గూడ లేదు."

ఆ పిల్ల చేతుల మీద జరుగుతూ లోపలికి పోయింది.

ఆ తర్వాత కొన్నాళ్లకే ఆ పని మానేశాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు, పేరు విన్నవాళ్లకు చేరిందని ఎట్లా తెలుస్తుందని నన్ను అడుగుతారు. చేరినాక కూడా కొందరు దాన్ని పలకలేరు, అట్లాంటి ఇంటికి మాట మార్చుకొని మళ్లీ పోవద్దని చెబుతాను. ఎందుకని వాళ్లు అడగరు. చర్చిలో హాగరు కథ ఉన్న అధ్యాయం చదివే వంతు వస్తే నేను పుస్తకం పక్కవాళ్లకు ఇస్తాను.