తాడు అవతలి చెయ్యి

రెండేళ్ల కిందటి ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు క్వారీ గట్టున కంప్రెసర్ ఆన్ చేశాను. బయటి గాలిని వడగట్టి, ఒత్తి, సిలిండర్‌లోకి ఎక్కించే యంత్రం అది. దాని చప్పుడులో మనిషి పక్కకు వచ్చి నిలబడ్డా తెలియదు. సిలిండర్ నిండాక మోటారు ఆపి వెనక్కి తిరిగితే శిరీష నిలబడి ఉంది.

"గుర్తు పట్టిన్రా అక్కా?" అంది.

పట్టాను. ఆమె సిద్దిపేటలో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతుంది. అంతకుముందు ఏడాది నా భర్త సుధాకర్ దగ్గర స్కూబా మొదటి కోర్సులో చేరింది. ఆ కోర్సులో క్వారీలోకి నాలుగుసార్లు దిగాలి. ఆమె మూడుసార్లు దిగింది. నాలుగోసారి దిగేలోపు సుధాకర్ చనిపోయాడు.

ఈ పనిలో ఉన్న మనిషి పోతే నీళ్లలోనే పోయి ఉంటాడని అందరూ అనుకుంటారు. ఆయన బస్టాండులో దుబ్బాక బస్సు కోసం నిలబడి ఉండగా గుండె ఆగింది. నీళ్లకు ఆ చావుతో సంబంధం లేదు.

సిద్దిపేటలో స్కూబా అంటే ఇప్పటికీ నవ్వేవాళ్లున్నారు. మా పుట్టింటివాళ్లది స్టీలు సామాన్ల దుకాణం. మేం ఈ పని మొదలుపెట్టినప్పుడు మా బాపు, "సముద్రం యాడనో ఉంటె మీరు గీ గుంతల మునిగి ఏం చూస్తరు? రాళ్లా?" అన్నాడు. నిజమే, రాళ్లే. చేర్యాల వైపు పోయే దారిలో గ్రానైటు తీసి వదిలేసిన క్వారీ ఇది. యజమాని దగ్గర కిరాయికి తీసుకున్నాం. చుట్టూ రాయే కాబట్టి నీళ్లలో మట్టి తక్కువ. వానలు తగ్గాక నీళ్లు తేటపడతాయి. దీపావళి నుంచి మార్చి దాకా, అడుగున నిలబడితే ఒక పెద్ద గది అవతలి గోడ కనిపించినంత దూరం కనిపిస్తుంది. దీన్ని విజిబిలిటీ అంటాం. ఊరి చెరువుల్లో అది ఉండదు. అడుగంతా బురద, నాచు, తెగిన వలల ముక్కలు. చాచిన చెయ్యి మనకే కనపడదు. చెరువులోకి దేన్నో వెతకడానికి దిగుతారు గాని నేర్చుకోవడానికి దిగరు. సముద్రం కోసం విద్యార్థులను వైజాగ్ తీసుకెళ్తాం. అక్కడ చూడటానికి చేపలుంటాయి, రాళ్లను పట్టుకుని బతికే జీవాలుంటాయి. కానీ పడవలో కడుపు తిప్పుతుంది, నీళ్లు ఏ రోజు ఎలా ఉంటాయో తెలియదు. మొదటి భయం పోవడానికి క్వారీయే మేలు. అందులో నీళ్లు కదలవు.

అయినా క్వారీలోనూ ఒక చిక్కుంది. కొత్తవాళ్లు కాళ్లకు తొడుక్కున్న ఫిన్స్‌తో, అంటే రబ్బరు రెక్కలతో, అడుగును తన్నితే రాతిపొడి లేస్తుంది. క్షణంలో ఏమీ కనపడదు. అందుకని సుధాకర్ తన పాత పని నుంచి ఒక అలవాటు తెచ్చాడు. ఆయన అంతకుముందు ఓడరేవుల్లో నీటి అడుగున మరమ్మతులు చేసేవాడు. అక్కడ దిగేవాడి ఛాతీ పట్టీకి తాడు కడతారు, రెండో కొస పైన ఉన్న మనిషి చేతిలో ఉంటుంది. పైనుంచి ఒకసారి లాగితే "బాగున్నావా" అని. కింది నుంచి ఒకసారి లాగితే "బాగున్నా" అని. నాలుగుసార్లు లాగితే పైకి తెమ్మని. సరదాకు డైవింగ్ చేసే చోట్ల సాధారణంగా ఇది వాడరు. మేం వాడతాం. తాడు ఇన్‌స్ట్రక్టర్‌కే కట్టి ఉంటుంది.

నేనూ ఇన్‌స్ట్రక్టర్‌నే. అయితే నాకు నేర్పింది ఆయన కాదు. "మొగడు పెండ్లానికి కారు నేర్పినట్టయితది, వద్దు" అని వైజాగ్‌లో తన స్నేహితుడి దగ్గరికి పంపాడు. నేర్చుకుని వచ్చాక ఈ పనికి మేం ఇద్దరమే. ఒకరు దిగితే రెండోవాళ్లు గట్టు మీద తాడు పట్టుకోవాలి. వైజాగ్ వెళ్లినా ఒకరు పడవలో ఉండాలి. అందువల్ల అన్నేళ్లలో మేం ఇద్దరం కలిసి ఒక్కసారి కూడా నీళ్లలోకి దిగలేదు. దిగుదామని అనుకునేవాళ్లం. నా మరిది నరేశ్ ఏదో ఒక ఆదివారం ఖాళీ చేసుకుని గట్టు చూసుకుంటే దిగుదామని. అన్న పోయాకే నరేశ్ ఈ పనిలోకి వచ్చాడు.

ఆయన దినాలకు విద్యార్థులు చాలామంది వచ్చారు. అందరిదీ ఒకే మాట: "సార్ నీళ్లల్ల మస్తు నవ్వుతుండె." నీళ్లలో నవ్వకూడదు. నవ్వితే చెంపలు ముడతపడి, కళ్లనూ ముక్కునూ కప్పే మాస్క్ అంచు లేస్తుంది, నీళ్లు లోపలికి వస్తాయి. ఆయన అయినా నవ్వేవాడట. మాస్క్ నిండేదట. ముక్కుతో గాలి ఊది ఖాళీ చేసుకుని మళ్లీ నవ్వేవాడట. ఇంట్లో ఆయన మాట్లాడటమే తక్కువ. నేను వాళ్లకు వడ్డిస్తూ అవన్నీ విన్నాను. నన్ను ఓదార్చడానికే చెప్పారు. నాకు అసూయ కలిగింది. నేను చదివిన పుస్తకాల్లో దుఃఖం మనిషిని మెత్తబరుస్తుందని ఉంది. నా విషయంలో అలా జరగలేదు. నాలుగు ఆదివారాలు వచ్చి వెళ్లిపోయేవాళ్లకు కనిపించిన మనిషి నాకు కనిపించలేదు. నేను చూసింది నీటి మీదికి వచ్చే బుడగలు.

తాడు మాత్రం నాది అనుకున్నాను. నేను లాగితే ఆయన జవాబిచ్చేవాడు. ముందు మెల్లగా తాడులోని వదులు లాక్కునేవాడు. కొంచెం ఆగి, కురచగా ఒక్కసారి లాగేవాడు. ఆ తీరు ఆయనది. ఆయన నవ్వు విద్యార్థులు తీసుకుపోయారు సరే, ఇది వాళ్లకు తెలియదు, ఇది మా ఇద్దరిది అనుకుని ఆ ఏడాది గడిపాను.

"ఆ నాలుగోది చేద్దామని వచ్చిన," అంది శిరీష.

"హైదరాబాద్‌ల మంచి ఇన్‌స్ట్రక్టర్లున్నరు. వైజాగ్‌ల చేసినా సర్టిఫికెట్ ఒక్కటే," అన్నాను. ఆమెను పంపించేయాలనే ఉంది నాకు.

"సార్ మొదలువెట్టింది గీడ. గీడనే అయిపోవాలె."

"మాస్క్ తీసుడంటే ఇంకా భయమేనా?"

"భయమే అక్కా. సార్ ఉంటె ఎట్లనో అట్ల అయితుండె."

నీటి అడుగున మాస్క్ పూర్తిగా తీసి, తిరిగి పెట్టుకుని, ముక్కుతో ఊది లోపలి నీళ్లు వెళ్లగొట్టడాన్ని మాస్క్ క్లియరింగ్ అంటారు. కోర్సు మధ్యలో మానేసేవాళ్లు ఎక్కువగా ఇక్కడే మానేస్తారు. సిలిండర్ గాలిని అందించే రెగ్యులేటర్ నోట్లో ఉంటుంది, దాని నుంచి గాలి వస్తూనే ఉంటుంది. కానీ ముక్కు తడిస్తే చాలు, ఇక ఊపిరి అందదని శరీరం నమ్ముతుంది. శరీరానికి నచ్చజెప్పడం కష్టం.

"సార్ ఉంటె" అన్నమాట నాకు నచ్చలేదు. కాదనడానికి అది కారణం కాదు. నరేశ్‌ను పిలిచాను.

నరేశ్ తాడు చుట్ట విప్పుతూ, "మేడమ్, మొదటిసారి భయపడి మా అన్న మెడ వట్టుకున్నరంట గదా? ఇయాల మా వదిన మెడ పైలం," అన్నాడు.

"గప్పుడు కొత్త అన్నా. గిప్పుడు అవసరమైతే నీ మెడ వట్టుకుంట."

"నేను గట్టు దిగ. నాకు ఈత రాదు."

"స్కూబా దుకాణం పెట్టుకొని ఈత రాదా?"

"మిఠాయి దుకాణపోనికి షుగర్ ఉండదా?" అన్నాడు నరేశ్.

నేను ఛాతీ పట్టీకి తాడు ముడి వేసుకుంటున్నాను. శిరీష దాన్ని చూసి, "తాడు గుంజుడు నాకిస్తరా అక్కా? సార్ ఇస్తుండె," అంది.

"ఏమిస్తుండె?"

"గదే, మీరు పైకెల్లి గుంజితె జవాబు. సార్ తాడు నా చేతిల వెట్టేటోడు, నేను గుంజేదాన్ని. నాకొక్కదానికే కాదు, అందరికి ఇస్తుండె."

ముడి దగ్గర నా చెయ్యి ఆగింది. "ఎందుకు?" అన్నాను.

శిరీష నవ్వింది. నాకు తెలిసే ఉంటుందని అనుకుంది. "పందెం గదా అక్కా! దిగేముందు సార్ అంటుండె, 'ఇయాల మా మేడమ్ పట్టేస్తది సూడున్రి, పైకి రాంగనె ఎవలు గుంజిన్రని అడుగుతది' అని. మీరేమో అడుగకపోతుంటిరి. ఓడిపోయి సార్ మాకు మిర్చి బజ్జీలు తినిపిస్తుండె."

ఆ బజ్జీలు నేనూ తిన్నాను. క్వారీ నుంచి ఊళ్లోకి పోయేటప్పుడు ఆయన బండి ఆపి అందరికీ బజ్జీలు కొనేవాడు. నీళ్లలోంచి వచ్చినవాళ్లకు ఆకలి ఎక్కువ కాబట్టి కొంటున్నాడు అనుకునేదాన్ని.

"ఒక్కపారి గూడ అడుగలేదు మీరు," అంది శిరీష.

"నాకైతె తెల్వదు వదినా," అన్నాడు నరేశ్, నేను అతని వైపు చూడకముందే.

మనసు కుదురుగా లేనప్పుడు నీళ్లలోకి దిగకూడదని మేమే పాఠం చెబుతాం. పట్టీ విప్పి, గట్టు మీద కూర్చుని మంచినీళ్లు తాగాను. ఆయన నన్ను ఎగతాళి చెయ్యలేదు. నేను కనిపెడతానని నమ్మి పందెం కట్టి, ప్రతిసారీ ఓడిపోయాడు. నాకు ఒక్కమాట చెబితే గెలిచేవాడు. చెబితే అది పందెం కాదు. ఇవన్నీ తర్వాత ఆలోచించిన సంగతులు. ఆ నిమిషంలో అనిపించింది ఒకటే: ఇది కూడా వీళ్లదే. నాకు వచ్చిన జవాబుల్లో ఏవి ఆయనవో, ఏవి వీళ్లవో ఇక ఎప్పటికీ చెప్పలేను.

శిరీష వచ్చి పక్కన కూర్చుంది. "నేను అనకుండ ఉంటె అయిపోతుండె గదా అక్కా?"

"అన్నది మంచిగైంది. కాని తాడు నా దగ్గర్నే ఉంటది," అన్నాను. "లే, దిగుదాం."

మెట్లలా కోసిన రాతి అంచుల పక్క నుంచి దిగాం, చెవుల్లో ఒత్తిడి సర్దుకోవడానికి ఆగుతూ. సగం దిగాక నీళ్లు ఒక్కసారిగా చల్లబడతాయి. అడుగున క్వారీవాళ్లు కోసి వదిలేసిన గ్రానైటు దిమ్మె ఒకటి ఉంది. పాఠాలన్నీ దాని మీద మోకాళ్లపై కూర్చునే జరుగుతాయి. శిరీష నాకు ఎదురుగా కూర్చుంది. నేను సైగ చేశాను. ఆమె మాస్క్ తీసింది.

కళ్లు గట్టిగా మూసుకుంది. బుడగలు ఒకదాని వెంట ఒకటి తొందరగా రాసాగాయి. ఊపిరి అదుపు తప్పుతోందన్నమాట. ఒక చేతిలో మాస్క్ ఉంది, రెండో చెయ్యి నీళ్లను తోస్తోంది. లేచి పైకి పోబోతోందని అర్థమైంది. ఆ లోతు నుంచి ఊపిరి బిగబట్టి ఒక్కసారిగా పైకి పోతే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, ప్రాణమే పోవచ్చు. ఆమె భుజం పట్టీ గట్టిగా పట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే పైనుంచి నరేశ్ లాగాడు, ఒకసారి.

ఆ కుదుపు నా చేతిలోంచి ఆమె భుజానికి తెలిసింది. కళ్లు మూసుకునే, ఖాళీ చెయ్యి నా వైపు చాపింది. తాడు కోసం.

నాకు ఇవ్వాలని లేదు. కానీ ఆ చెయ్యికి ఏదో ఒక పని కావాలి. లేకపోతే ఆమె పైకి పోతుంది. తాడు ఆమె అరచేతిలో పెట్టాను. పెడుతుండగా తెలిసింది, సుధాకర్ దీన్ని పందెం కోసమే ఇచ్చి ఉండడని.

ఆమె తాడు పట్టుకుంది. ముందు మెల్లగా వదులు లాక్కుంది. కొంచెం ఆగింది. కురచగా ఒక్కసారి లాగింది.

నేను ఆయనదనుకున్న తీరు అది. ఇంత దగ్గర నుంచి, లాగుతున్న చేతిని చూస్తూ, మొదటిసారి చూశాను. ఆ చెయ్యి ఆయనది కాదు.

శిరీష బుడగలు నెమ్మదించాయి. మాస్క్ పెట్టుకుంది, తల కొంచెం పైకెత్తి ముక్కుతో ఊదింది. నీళ్లు దిగిపోయాయి. కళ్లు తెరిచి నన్ను చూసి నవ్వింది. మాస్క్‌లోకి మళ్లీ నీళ్లొచ్చాయి. ఈసారి ఆలోచించకుండానే ఊదేసింది.

గట్టెక్కాక నరేశ్ చెయ్యి అందిస్తూ, "జవాబు మంచిగొచ్చింది. ఎవలు గుంజిన్రు? నువ్వా వదినా, మేడమా?" అన్నాడు. సంగతి తెలిసిన గంటకే అతను అడిగిన ప్రశ్న, నేను అన్నేళ్లు అడగలేదు.

"నువ్వే చెప్పు," అన్నాను.

"నువ్వే. గంత కుదురుగ గుంజుడు కొత్తోళ్లతోని గాదు."

శిరీష సిలిండర్ కూడా దించకుండా చెయ్యెత్తింది. "నేనే! తియ్యన్నా బజ్జీలు!"

"ఇదేంది వదినా, మొదటి పందేనికే ఓడిపోవుడా?" అని నరేశ్ నెత్తి కొట్టుకున్నాడు. వాళ్లిద్దరూ బజ్జీలకు పోయారు. సామాను సర్దాలని చెప్పి నేను పోలేదు.

ఆ రోజు నుంచి తెలుసుకున్నది ఇది. తాడు మీద వచ్చే జవాబు, కింద బాగుందని చెబుతుంది. ఎవరు చెబుతున్నారో చెప్పదు. సుధాకర్ గుండె బస్టాండులో కాక ఆ దిమ్మె మీద ఆగి ఉంటే, పక్కనున్న విద్యార్థి భయంలో, అలవాటుకొద్దీ ఒకసారి లాగి ఉంటే, నేను గట్టు మీద నిశ్చింతగా కూర్చుని ఉండేదాన్ని. అందుకని జవాబు ఇన్‌స్ట్రక్టర్ చేతి నుంచే రావాలని నియమం పెట్టాం. ఈ కారణం చెబితే నరేశ్ వెంటనే ఒప్పుకున్నాడు. భయపడ్డవాళ్లు పట్టుకోవడానికి దిమ్మెకు ఒక ఇనుప కడియం బిగించాం. అది అంత బాగా పనిచెయ్యదు. లాగితే తిరిగి లాగేవాళ్లు దానికి లేరు.

రెండో కారణం నరేశ్‌కు చెప్పలేదు. ఆయన లాగే తీరు ఎంతమంది చేతుల్లో ఉందో నాకు తెలియదు. వాళ్లంతా ఈ జిల్లాలోనే ఎక్కడో తిరుగుతుంటారు. ఆ జాబితాలోకి ఇంకొకరిని చేర్చే పని నా వల్ల కాదు.

శిరీష అప్పుడప్పుడు వస్తుంది. సెలవుల్లో వైజాగ్ వెళ్లి సముద్రంలోకి దిగి వచ్చింది. వచ్చినప్పుడల్లా "తాడియ్యరా అక్కా, ఒక్కపారి?" అని అడుగుతుంది. కాదంటే నొచ్చుకోదు. మా క్వారీలో ఇప్పుడు తాడు విద్యార్థుల చేతికి ఇవ్వడం లేదు.