చిన్న బాక్సులో అక్క గొంతు

అతన్ని ఊరంతా మైకు అనే పిలుస్తుంది. "మైకొచ్చాడా?", "మైకుకి టీ ఇచ్చారా?", "మైకుని కాస్త త్వరగా సర్దమనండి", ఇదీ వరస. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది గానీ, ఆ పేరుతో పిలిచే మనిషి వాళ్ళక్క ఒక్కతే. ఆవిడైనా ఒళ్ళు మండినప్పుడే పిలుస్తుంది. మిగతా రోజుల్లో "ఒరేయ్" చాలు.

మునిసిపాలిటీ ఆఫీసు పై అంతస్తులో పెద్ద హాలు ఉంది. ఎక్కడ పెద్ద భవనం కట్టాలన్నా, ఏ వీధిలో ఎత్తు పెంచాలన్నా ముందు ఆ హాల్లో జనాన్ని కూర్చోబెట్టి "మీరేమంటారు?" అని అడగాలి. రూలు. అడుగుతారు, ఎందుకడగరు! అడిగి, తలలూపి, టీలు తాగి, ముందు రోజు అనుకున్నదే చేస్తారు. ఆ అడగడానికి కావలసిన మైకులూ బాక్సులూ వైర్లూ అన్నీ మనవాడివే. ఏళ్ళ తరబడి హాలు మూలలో మిక్సర్ ముందు కూర్చుని, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఊరు ఎంత ఎత్తు పెరగాలన్న వాదన మొదటి నుంచి చివరి దాకా విన్నవాడు అతనొక్కడే. మిగతావాళ్ళు తమ వంతు అవగానే వెళ్ళిపోతారు. అదంతా విన్న మనిషికి మిగిలేది అసహ్యమే, ఇంకేం మిగులుతుంది చెప్పండి?

బిల్డర్ తరఫున ఓ ఆర్కిటెక్ట్ వస్తాడు. తెర మీద రంగుల బొమ్మలు చూపిస్తాడు. ఆ బొమ్మల్లో ఆకాశం ఎప్పుడూ అప్పుడే తుడిచిన అద్దంలా ఉంటుంది. కింద సన్నకాళ్ళ మనుషులు కుక్కపిల్లల్ని పట్టుకుని షికారు చేస్తుంటారు. ఒక్క బాల్కనీలో ఒక్క తడి తువ్వాలు ఆరేసి ఉండదు, ఆ మనుషులు స్నానాలు చెయ్యరు కాబోలు. "మనం పక్కలకి కాదు, పైకి పెరగాలి" అంటాడతను. తాను మాత్రం ఊరి బయట తోట మధ్య ఒంటి అంతస్తు ఇంట్లో కాళ్ళు చాపుకుని ఉంటాడు. ఆ ఇంట్లో ఓ పుట్టినరోజుకి మైకు సెట్టు పెట్టి వచ్చాడు కాబట్టి మనవాడికి తెలుసు.

ఎదురు పక్షాన ఓ రిటైర్డ్ మాస్టారు. పాత వీధుల అందం గురించి మొదలుపెట్టాడంటే గొంతు బొంగురుపోతుంది, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటాడు. ఆ మాస్టారి మేడ మీద పర్మిషన్ లేని రేకుల గదులు ఉన్నాయి. వాటిని అద్దెకిచ్చాడు కూడా. అందం సంగతి ఆ రేకుల కింద ఎండాకాలం ఉడికే వాళ్ళని అడగాలి.

ఓసారి ఓ నర్సమ్మ లేచి, "పాత అందాలు మీరు చూసుకోండి సార్, నాకు ఉండటానికి ఓ గది కావాలి. రెండు బస్సులు మారి వస్తున్నాను డ్యూటీకి," అంది. ఆ మాటలో నిజం ఉంది. అందుకేనేమో, ఏ పక్షంవాడూ చప్పట్లు కొట్టలేదు.

ఇక అసలు సంగతి. ఈ విచారణలు నడిపే ప్లానింగ్ అధికారిని అందరూ పెద్దసారు అంటారు. పెద్దసారు పెన్నుకి మూత పెట్టాడంటే, మాట్లాడుతున్నవాడి గొంతు హాల్లో తగ్గాలని అర్థం. ఆపేస్తే గొడవవుతుంది, అందుకని తగ్గాలి, అంతే. మాట్లాడేవాడి కాళ్ళ దగ్గర ఓ చిన్న బాక్సు ఉంటుంది, తన గొంతు తనకి వినపడటానికి. దాన్నీ, తన హెడ్‌ఫోన్లలో వచ్చే గొంతునీ మనవాడు ముట్టుకోడు. హాలు బాక్సుల నాబ్ మాత్రం మెల్లిగా వెనక్కి తిప్పుతాడు. మాట్లాడేవాడికి తన గొంతు ఖంగుమంటూనే ఉంటుంది. వెనక వరసల్లోకి గొణుగుడు తప్ప ఏమీ చేరదు. జనం కాసేపు చెవులు రిక్కించి, ఆ తర్వాత పక్కవాళ్ళతో కబుర్లలో పడతారు. మాట్లాడినాయన కుండబద్దలు కొట్టేశానని ఛాతీ విరుచుకుని దిగిపోతాడు.

మొదటిసారి ఓ తాగుబోతు లేచి బూతులందుకున్నప్పుడు తగ్గించాడు. న్యాయంగానే అనిపించింది. ఆ తర్వాత కోపంగా మాట్లాడేవాళ్ళకి తగ్గించాడు, ఆ తర్వాత నిలదీసి అడిగేవాళ్ళకి. చివరికి పెద్దసారుకి ఆకలేసినా పెన్నుకి మూత పడేది. ఇక చూడాల్సిన పని కూడా లేకపోయింది. కంటి కొసకి ఆ మూత తగిలితే చాలు, చెయ్యి తన పని తాను చేసుకుపోయేది. "నాదేముంది, తిప్పమన్నారు, తిప్పాను" అనుకునేవాడు. ఇలా అనుకునేవాళ్ళతోనే ఊళ్ళు నడుస్తున్నాయి లెండి.

అమ్మానాన్నలు పోయాక అతన్ని పెంచింది అక్కే. ఆవిడ చిరిగిన బట్టలకి రఫ్ఫు చేస్తుంది. నిప్పు పడ్డ కోటు, ఎలుక కొరికిన శాలువా, ఏదిచ్చినా సరే, ఆవిడ చెయ్యి పడ్డాక చిరుగెక్కడుందో వేసుకున్నవాళ్ళే వెతుక్కోవాలి. పాత మేడలో మూడో అంతస్తు, ఒకటే గది, ఒకటే కిటికీ. కిటికీ పక్కన ఓ పీట. నల్లగుడ్డ మీద నల్లదారం పని పగటి వెలుతురులో తప్ప కుదరదు. బల్బు కింద కూర్చుంటే దారం కనపడదు సరికదా, ఉన్న కళ్ళు కాస్తా పోతాయి. తమ్ముడి మొదటి ఆంప్లిఫైయర్ ఆ కిటికీ పక్కన కూర్చుని కుట్టి కుట్టి కొనిపెట్టిందే.

ఆ కిటికీ ఎదురుగా ఉన్న పాత గోడౌనుని ఈ మధ్యే పడగొట్టారు. అక్కడ టవరు వస్తుందట. ఎత్తు మీదున్న పరిమితి తీసేస్తే ముప్ఫై అంతస్తులట. ఆ గోడ కిటికీలోంచి చెయ్యి చాపితే తగిలేంత దగ్గరగా లేస్తుందట.

"నేనూ వచ్చి మాట్లాడతానురా," అంది అక్క ఓ పొద్దున.

"నీకెందుకక్కా ఆ గోల? అక్కడ మాట్లాడినవాళ్ళు ఏం బావుకున్నారని?"

"మాట్లాడనివాళ్ళు మాత్రం ఏం బావుకున్నారు? అయినా మైకు నీదేగా, నాకేం భయం?"

అక్క అప్పటికే గదిలో వంట మూల నుంచి గరిటె తెచ్చుకుని మైకులా పట్టుకుంది.

"ఇంత దగ్గరగా పెట్టుకోవాలా?"

"కాస్త దూరం పెట్టు. నోట్లో పెట్టుకోవడానికి అదేమన్నా ఐస్‌క్రీమా?"

"వెనకవాళ్ళకి వినపడాలిరా. ముందు వరసంతా బిల్డర్ మనుషులే ఉంటారటగా. మా మేడవాళ్ళు వెనకే కూర్చుంటారు. వాళ్ళకి వినపడితే, వాళ్ళూ లేచి ఓ మాట సాయం చేస్తారు."

"వినపడుతుందిలే. నేనున్నాగా."

ఆ మాట అతను మనసులోంచే అన్నాడు. పెద్దసారు పెన్నుకి మూత పెట్టనీ, మూత నమిలి మింగనీ, అక్క మాట్లాడుతున్నంతసేపూ ఆ నాబ్ ముట్టుకోనని గట్టిగా అనుకున్నాడు.

విచారణ రోజున హాలు నిండిపోయింది. ఆర్కిటెక్ట్ తన కుక్కపిల్లల బొమ్మలు చూపించాడు. "ఎత్తంటే భయపడేవాళ్ళు రేపటిని చూసి భయపడుతున్నట్టే," అన్నాడు. మాస్టారు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "మన వీధుల ఆత్మని అమ్మేస్తున్నారు," అన్నాడు. ముందు వరస ఒకరికి చప్పట్లు కొట్టింది, పక్క వరస ఇంకొకరికి కొట్టింది. ఇద్దరూ బయట వరండాలో కలిసి టీ తాగుతూ నవ్వుకుంటుంటే మైకు కిటికీలోంచి చూశాడు. థూ, అనుకున్నాడు. నోట్లో ఉమ్ము కూడా ఊరింది, హాలు కాబట్టి మింగేశాడు.

అక్క వంతు వచ్చింది. ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. మైకుని గరిటెలాగే జాగ్రత్తగా పట్టుకుంది.

"నమస్కారమండీ. నేను ఆ గోడౌను వెనక మేడలో ఉంటాను, రఫ్ఫు పని చేసుకుంటాను. టవరు కట్టొద్దని చెప్పడానికి రాలేదండీ. ఇళ్ళు లేక ఎంతమంది తిరుగుతున్నారో నాకూ తెలుసు. కట్టుకోండి, ఎంత ఎత్తైనా కట్టుకోండి. కాస్త జరిగి కట్టుకోండి, నేనడిగేది అదే. మీ గోడకీ మా కిటికీలకీ మధ్య ఓ వీధంత చోటు వదిలెయ్యండి. మా మేడలో నేనొక్కదాన్నే కాదు. కింద వాచీలు బాగుచేసే ఆయన ఉన్నాడు, పక్క గదిలో పుస్తకాలు బైండు చేసే ఆవిడ ఉంది. మా పనులకి పగలు కావాలి. ఎత్తు మీరు తీసుకోండి, పగలు మాకు ఉంచండి."

హెడ్‌ఫోన్లలో అక్క గొంతు చెవి పక్కనే కూర్చుని చెప్పినట్టు వినిపించింది. మైకు ఆవిడ మొహం మీంచి చూపు తిప్పలేదు. ఇన్నేళ్ళలో ఈ హాల్లో ఒక్కరూ ఇంత సూటిగా మాట్లాడలేదు. ఎవరినీ తిట్టలేదు, ఏడవలేదు, ఆత్మ మాటా రేపటి మాటా ఎత్తలేదు. కావలసింది అడిగింది. మా అక్క, అనుకున్నాడు. ఛాతీ పొంగింది.

ఆ పొంగులోనే, జనం ఎలా వింటున్నారో చూద్దామని వెనక వరసల వైపు తిరిగాడు. ఓ ముసలాయన చెవికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని ముందుకి వంగి ఉన్నాడు. ఇంకొకతను నోరంతా తెరిచి ఆవలించాడు. వాచీలాయన పక్కవాణ్ణి "ఏమంటోంది?" అని అడుగుతున్నట్టు పెదాలు కదిపాడు. మైకు ఒక చెవి మీది హెడ్‌ఫోను తప్పించి విన్నాడు. హాల్లో అక్క గొంతు లేదు. దూరంగా ఎవరో గొణిగినట్టు ఓ శబ్దం, దాని మీద జనం కబుర్లు. కిందికి చూసుకుంటే చెయ్యి నాబ్ మీద ఉంది. నాబ్ అడుగంటా తిరిగి ఉంది. పెద్దసారు చేతిలో పెన్నుకి మూత ఉంది.

ఆ మూత ఎప్పుడు పడిందో, ఈ చెయ్యి ఎప్పుడు తిరిగిందో దేవుడికే తెలియాలి. అతను ఆ పెన్ను వైపు చూడనే లేదు.

సరే, చెయ్యి చేసిన పాపం చెయ్యిది అనుకుందాం. తెలిశాక తిప్పాలి కదా? వెంటనే తిప్పాలి కదా? పెద్దసారు అతని వైపే చూస్తున్నాడు. బాగా చేశావన్నట్టు చిన్నగా తలూపాడు. ఆ ఊపుకి మైకు పళ్ళికిలించాడు. ఛీ! తోడబుట్టింది అక్కడ నిలబడి బతుకు గురించి అడుగుతుంటే, ఆవిడ గొంతు నొక్కిన చెయ్యి ఇంకా నాబ్ మీదే ఉండగా, అలవాటు కొద్దీ పళ్ళికిలించాడు. ఆ ఇకిలింపు మొహం మీద ఉండగానే ఒంట్లో ఏదో చచ్చినట్టయింది. అప్పుడు తిప్పాడు నాబ్, ఉన్నంత మేరా పైకి.

హాలు అదిరిపోయేలా అక్క గొంతు పలికింది.

"అంతేనండీ. నేను చెప్పేది ఇంకేం లేదు. నమస్కారం."

జనం గొల్లున నవ్వారు. చప్పట్లు కూడా కొట్టారు. పెద్దసారు పెద్దమనిషిలా చెయ్యెత్తి వాళ్ళని ఊరుకోబెట్టి, "మంచిదమ్మా. చెప్పేదేం లేకపోయినా శ్రమపడి వచ్చారు, సంతోషం," అన్నాడు. అక్క ఆ నవ్వులూ చప్పట్లూ మెచ్చుకోలే అనుకుంది. సిగ్గుపడుతూ కొంగు సర్దుకుని దిగింది.

ఊళ్ళో అందరికంటే పెద్ద గొంతు అప్పుడు మనవాడి చేతిలోనే ఉంది. ఆ మైకు అందుకుని, "ఆవిడ చెప్పింది మీకు వినపడలేదు, నేనే తగ్గించాను, మళ్ళీ వినండి" అంటే సరిపోయేది. దానికి గొప్ప ధైర్యం కూడా అక్కర్లేదు, కాస్త సిగ్గుంటే చాలు. అతను లేచాడు, వెళ్ళాడు, మైకుని రుమాలుతో తుడిచి తర్వాత మాట్లాడేవాడి చేతిలో పెట్టి వచ్చి కూర్చున్నాడు.

సాయంత్రానికి ఎత్తు మీద పరిమితి తీసేశారు. కాస్త జరిగి కట్టమని బిల్డర్‌కి ఎవరూ చెప్పలేదు. అలా ఒకరు అడిగారని ఎవరికైనా తెలిస్తే కదా.

వైర్లు చుట్టి, బాక్సులు వ్యానులో పడేసి, అక్కని ఇంట్లో దింపాడు. ఆవిడ లైటు వెయ్యకుండా కిటికీ పక్కన పీట మీద కూర్చుంది. ఇంకా కాస్త వెలుగుంది. ఒళ్ళో ఎవరిదో కోటు.

"కాళ్ళ దగ్గర ఆ చిన్న బాక్సులోంచి నా గొంతు భలే వచ్చిందిరా. నాకే భయమేసింది," అని నవ్వింది. "వెనకవాళ్ళకి కూడా వినపడిందా?"

చెప్పేద్దామనుకున్నాడు.

"వినపడిందక్కా."

"బాగానా?"

"బాగా."

అక్క సూదిలో దారం ఎక్కించుకుంది. నవ్వు మొహంలోంచి మెల్లిగా పోయింది.

"అందరూ వినీ కూడా కాదన్నారంటే, నేనడిగిందే అన్యాయమేమోరా. నా కిటికీ కోసం ఊరిని జరగమన్నానేమో. వాచీలాయన కూడా నోరు విప్పలేదు చూడు. ఆయనక్కూడా నా మాట నచ్చలేదన్నమాట. నలుగురిలో అలా అడిగేశాను... తల్చుకుంటే సిగ్గేస్తోంది."

రేపు మెట్ల మీద వాచీలాయన "మాకేం వినపడలేదమ్మా" అంటే ఈ అబద్ధం అక్కడితో సరి. అది మైకుకి తెలుసు. అయినా తన నోటితో చెప్పే కంటే ఇంకెవరి నోటితోనో తెలియడమే నయమనిపించింది అతనికి, అంత దిగజారాడు.

"నువ్వు చెప్పరా, నేనడిగింది తప్పేనా?" అంది అక్క.

తప్పు కాదంటే, మరి ఎందుకు వినలేదురా అని అడుగుతుంది.

"పోనీలే అక్కా. ఇంక వదిలెయ్," అన్నాడు.

తమ్ముడు కూడా తప్పనే అన్నాడనుకుని, ఆవిడ తలొంచుకుని కోటు ఒళ్ళోకి లాక్కుంది.