ఊరు దాచిపెట్టిన పుస్తకాలు

ఆ పిల్లను వీధిలో అందరూ గలగల అనే పిలిచేవాళ్లు. అసలు పేరు బడి హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా వినిపించేది కాదు. పదహారేళ్లు వచ్చినా నోటికి గడియ పడలేదు. పాలవాడు వచ్చినా, కరెంటు మనిషి వచ్చినా, చిరునామా వెతుక్కుంటూ ఎవరైనా వచ్చినా గుమ్మంలో నిలబెట్టేది. వాళ్లింటి సంగతులన్నీ రాబట్టి, తనింటి సంగతులన్నీ చెప్పి గానీ వదిలేది కాదు. వేసవి సెలవులు మొదలైన వారానికే వాళ్లమ్మకు తల వాచిపోయింది. ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. కూతురి కబుర్ల మధ్య మెడ కొలత చేతికీ, చేతి కొలత మెడకీ పడిపోయి ఎవరిదో చొక్కా పాడయ్యింది కూడా.

సరిగ్గా అప్పుడే బడి నుంచి కబురొచ్చింది, ఊళ్లో లైబ్రరీకి సెలవుల్లో సాయం చేసే పిల్లలు కావాలని. అమ్మ మరో ఆలోచన లేకుండా పేరిచ్చేసింది.

"మాట్లాడకూడని చోటికి దీన్ని పంపుతావా? సాయంత్రానికి ఊపిరాడక పడిపోతుందే!" అంది నాయనమ్మ.

"పడిపోతే లేపుతార్లే అత్తయ్యా. అక్కడా మనుషులుంటారుగా," అంది అమ్మ సూదిలోకి దారం ఎక్కిస్తూ.

లైబ్రరీ పాతకాలపు భవనం. ముందుగదిలో పత్రికలు, వాటి వెనక పొద్దున్నే వచ్చి కూర్చునే రిటైరైన పెద్దమనుషులు. లైబ్రేరియన్ మేడమ్ కళ్లజోడు నెత్తిమీదికి తోసుకుని, అది ఎక్కడ పెట్టానా అని బల్లంతా వెతుక్కునే మనిషి. ఆవిడ గలగలను అటెండరుకి అప్పగించింది. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. ఉద్యోగమంతా ఆ గోడల మధ్యే గడిచింది.

పెద్దాయన వెనక హాలు తలుపు తీశాడు. అప్పటిదాకా ఆయన మోకాళ్ల నొప్పి గురించి ఆరా తీస్తున్న గలగల నోరు అక్కడే ఆగిపోయింది. నేల నుంచి కప్పు దాకా పుస్తకాలే. పై వరసలకు చేరాలంటే నిచ్చెన ఎక్కాలి. ఎత్తున ఉన్న కిటికీల్లోంచి ఎండ ఏటవాలుగా దిగుతోంది. ఆ వెలుగులో దుమ్ము కూడా తొందరపడకుండా తేలుతోంది.

"ఇవన్నీ ఎవరు రాశారండీ?" అంది చివరికి.

"ఎవరేంటి? ఒక్కోటి ఒక్కొక్కళ్లు."

గలగల మళ్లీ చూసింది. అంటే ఇవి పుస్తకాలు కావు, మనుషులు. ప్రతివాళ్లకీ చెప్పుకోవాల్సిన మాట ఏదో ఉంది. ఇంతమంది ఒకేచోట చేరి ఇంత నిశ్శబ్దంగా ఉండటం ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తింటూ ఒక్క మాటా మాట్లాడకపోతే నాయనమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

పెద్దాయన పని నేర్పాడు. పుస్తకాన్ని తలపట్టుకుని లాగకూడదు, వెన్ను చిరుగుతుంది. అటూ ఇటూ ఉన్నవాటిని కాస్త లోపలికి నెట్టి, నడుం పట్టుకుని తీయాలి. ఊడిన అట్టకు జిగురు పూసి, బరువు కింద పెట్టి, ఆరేదాకా ముట్టుకోకూడదు. చీటీ మీద అంకె చూసి దాని వరసలోనే పెట్టాలి. తప్పుచోట పెట్టిన పుస్తకం పోయినదాంతో సమానం. ఆమెతోపాటు వచ్చిన పిల్లలు ఎండలు ముదిరేసరికి మెల్లగా జారుకున్నారు. గలగల మాత్రం తుడుపుగుడ్డ నడుముకి దోపుకుని నిచ్చెన మీదే కాపురం పెట్టింది. తుడవడానికి తీసిన పుస్తకాన్ని ఒక పేజీ చదివేది, ఇంకో పేజీ చదివేది. "తల్లీ, దుమ్ము దులపమన్నాను, పుస్తకాన్ని దులిపెయ్యమన్లేదు," అనేవాడు కింద నుంచి పెద్దాయన.

అలా ఉండగా ఒకరోజు కప్పు నుంచి అరచేయంత సున్నపు పెచ్చు ఊడి నిచ్చెన పక్కనే పడింది. ఇంజనీరు వచ్చాడు. కర్రతో దూలాన్ని తట్టి, చెవి ఒగ్గి విన్నాడు.

"వానలు మొదలయ్యేలోపు ఖాళీ చేసెయ్యండి మేడమ్. నేనైతే ఈ కప్పు కింద నా గొడుగు కూడా పెట్టను."

రెండు వీధుల అవతల మూతపడిన ప్రెస్సు భవనాన్ని కొత్త లైబ్రరీకి ఇస్తామన్నారు పై ఆఫీసువాళ్లు. కానీ అది బాగుపడేసరికి వానలు సగం అయిపోతాయి. అందాకా పుస్తకాలు పెట్టుకోండంటూ మార్కెట్టు గోడౌను తాళం ఇచ్చారు. మేడమ్, పెద్దాయన, గలగల ముగ్గురూ వెళ్లి చూశారు. పెద్దాయన గోడమీద చెయ్యి ఆనించి వెనక్కి తీసి చూపించాడు. అరచెయ్యి తడి. మూలల్లో ఎలకలు తిరుగుతున్న గుర్తులు.

"ఇక్కడ పెట్టామంటే మళ్లీ పారతో ఎత్తిపోసుకోవాల్సిందే," అన్నాడు.

మేడమ్ కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నిలబడింది. ఆ మౌనం గలగల భరించలేకపోయింది. భరించలేనప్పుడు ఆమెకు తెలిసింది ఒకటే, నోటికొచ్చింది వాగెయ్యడం.

"మా ఇంట్లోనూ ఎలకలుండేవి మేడమ్, మా నాయనమ్మ కర్ర పట్టుకుని కూర్చుని ఒక్కదాన్నీ ఉండనివ్వలేదు. మా ఇల్లయితే గోడలు కూడా పొడిగా ఉంటాయి. ఆ మాటకొస్తే ఊళ్లో ఎన్ని ఇళ్లున్నాయి, అందరికీ తలా నాలుగు ఇచ్చేస్తే పోలా? వానలయ్యాక తెచ్చిస్తారు..."

"మళ్లీ చెప్పు," అంది మేడమ్.

"ఏదండీ? ఎలకల సంగతా?"

"కాదు. దాని తర్వాతది."

పెద్దాయన గాభరాపడ్డాడు. "మేడమ్! ఒక్క పుస్తకానికి గడువు దాటితేనే వాళ్ల గుమ్మం చుట్టూ చెప్పులరిగేలా తిరుగుతాం. మొత్తం లైబ్రరీని ఊరిమీద వదిలేస్తే తిరిగొస్తుందా?"

"రాకపోవచ్చు పెద్దాయనా. ఇక్కడ పెడితే మాత్రం ఖాయంగా రాదు."

పై ఆఫీసువాళ్లు ముందు నవ్వారు, తర్వాత కసురుకున్నారు. మేడమ్ రోజూ వెళ్లి కూర్చుంటుంటే ఆవిడ్ని వదిలించుకోడానికే సరే అన్నారు. లైబ్రరీ గుమ్మానికి బోర్డు కట్టారు: 'మీకు వీలైనన్ని పుస్తకాలు తీసుకెళ్లండి. వానల తర్వాత కొత్త భవనంలో ఇవ్వండి. కార్డు అక్కర్లేదు.'

మొదటిరోజు మధ్యాహ్నం దాకా ఎవరూ పుస్తకాలు తీసుకోలేదు. వచ్చిన ఒకరిద్దరు బోర్డు చదివి, ఇందులో ఏదో మెలిక ఉందన్నట్టు చూసి వెళ్లిపోయారు. మేడమ్ బల్ల దగ్గర, పెద్దాయన తలుపు దగ్గర, బయట ఎండ. తన వాగుడు పట్టుకుని ఇంత పెద్దవిడ నవ్వులపాలవుతోంది అనుకుంది గలగల. లేచి చెప్పులేసుకుంది.

"ఎక్కడికే?" అన్నాడు పెద్దాయన.

"మాట్లాడ్డానికి," అంది.

మంగలిషాపుతో మొదలెట్టింది. బేకరీ, సైకిలు షాపు, బస్టాండు, ఆస్పత్రి ముందు బెంచీలు, ఒక్కచోటు వదల్లేదు. కప్పు కూలబోతోందనీ, గోడౌను గోడలు చెమర్చాయనీ, పుస్తకాలు వానలో నానిపోతాయనీ, తన సొంత మనుషులు తడిసిపోతారన్నట్టే చెప్పింది. పుట్టినప్పటినుంచీ అందరూ తిట్టిన నోరే ఆ పూట కాళ్లకంటే ముందు నడిచింది.

సాయంత్రానికి వెల్డింగు షాపాయన వచ్చాడు. "లావుపాటివి ఇవ్వండి మేడమ్. మాది గట్టి అల్మారా, నేనే చేసుకున్నా." తర్వాత లాండ్రీ ఆవిడ వచ్చింది. "నాకు చదవడం రాదమ్మా, కాపలా కాయడం వచ్చు. మా కొట్టు ఎప్పుడూ వెచ్చగా, పొడిగా ఉంటుంది. ఓ గూడు ఖాళీ చేశాను," అంది. మర్నాడు గేటు తీసేసరికి గోడవారన మనుషులు, గోడ మలుపు తిరిగి అవతలి వీధిదాకా మనుషులు. పసిపిల్లల తోపుడుబళ్లు, కూరల బుట్టలు, మోటారుబళ్ల వెనక అట్టపెట్టెలు. ఎన్నడూ లైబ్రరీ మెట్లెక్కని వాళ్లు చెప్పులు తుడుచుకుని మరీ లోపలికొచ్చారు. పెద్దాయన ముద్ర వేసీ వేసీ, చెయ్యి నొప్పెట్టి ఎడంచేత్తో మొదలెట్టాడు. ఆయన ముక్కు ఎందుకో అదేపనిగా ఎగబీలుస్తుంటే, "దుమ్మమ్మా, దుమ్ము," అన్నాడు గలగలతో.

చివరికి ఎవరూ ముట్టనివి మిగిలాయి, విజ్ఞాన సర్వస్వం సంపుటాలు. ఒక్కోటీ ఇటుకంత బరువు. గలగల వాళ్ల నాన్న బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి వచ్చి, వాటిని విడతలు విడతలుగా భుజాన మోసుకెళ్లాడు. అవి గోడవారన పేర్చాక ఇంట్లో కాళ్లు చాపుకునే చోటు లేకుండా పోయింది. నాయనమ్మ కర్ర పట్టుకుని వాటి పక్కన మంచం వేయించుకుంది. టీ గ్లాసుతో ఎవరైనా అటు వస్తే, "దూరం, దూరం!" అని కర్ర ఆడించేది.

ఆ సాయంత్రం గలగల ఒంటరిగా వెనక హాల్లోకి వెళ్లింది. ఖాళీ అరలు, వాటిమీద పుస్తకాలు నిలబడిన చోట తేలిన మరకలు. "ఉన్నారా?" అంది మెల్లగా. గోడలు ఆమె మాట ఆమెకే తిరిగిచ్చాయి. ఇన్నాళ్లూ ఇక్కడున్నవాళ్లంతా ఇప్పుడు ఊరి ఇళ్లల్లో దీపాల కింద ఉన్నారని తలుచుకుంది. నోట్లోంచి జారిన ఒక్క మాట ఇంత పని చేస్తుందా?

వానలు వచ్చాయి. రెండోవానకే, తెల్లవారుజామున, వెనక హాలు కప్పు మొత్తం కూలింది. గలగల పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి మేడమ్, పెద్దాయన గొడుగులు కూడా మరిచిపోయి కూలిన హాలు పక్కన నిలబడి ఉన్నారు. దూలాలు విరిగి అరల మీద పడి, అరలు నలిగి, ఆ మధ్యలోంచి ఆకాశం కనిపిస్తోంది. అరల మీద కాగితం ముక్క లేదు. ముగ్గురూ వానలో తడుస్తూ ఆ శూన్యాన్ని చూస్తూ ఉండిపోయారు. పెద్దాయన రెండు చేతులూ ఛాతీ మీద పెట్టుకున్నాడు. మేడమ్ గలగల భుజం పట్టుకుంది. ఆ పట్టు ఎంత గట్టిదంటే, భుజం నొప్పెట్టినా ఆ పిల్ల కదల్లేదు.

ఆ వానల్లో ఇళ్లల్లో వింతలు జరిగాయి. గలగల ఏ వీధిన వెళ్లినా కిటికీల్లో పుస్తకాలే. మంగలిషాపులో వంతు కోసం కూర్చున్నవాళ్లు, తమ పేరు పిలిచినా, "ఈ పేజీ అయిపోనీ," అంటున్నారు. లాండ్రీ గూటి మీద తెల్లటి పరదా వేలాడుతోంది. ఇంట్లో గలగల సముద్రం గురించిన సంపుటం తెరిచి నాయనమ్మకు చదివి వినిపించేది. ఆవిడ సముద్రాన్ని కళ్లతో చూసింది లేదు.

"నీళ్లడుగున కొండలా? ఏం చోద్యమే! వాటినెవరెక్కుతారు?"

"ఎవరూ ఎక్కరు నాయనమ్మా. అక్కడ వెలుగే ఉండదట. చేపలు వాటి వెలుగు అవే చేసుకుంటాయట."

"అదృష్టవంతులు, కరెంటు బిల్లు లేదు," అన్నాడు నాన్న భోజనం చేస్తూ.

నాయనమ్మ నవ్వలేదు. కర్ర పక్కన పెట్టి, "ఇంతున్నాయా లోకంలో! నేను ఇన్నేళ్లు ఈ వీధి చివరి దాకే చూసి, అంతేననుకున్నా. చదువు, ఆపకు," అంది. అమ్మ కుట్టుమిషను తొక్కడం ఆపేసింది.

ప్రెస్సు భవనంలో సున్నం ఆరాక పుస్తకాలు తెమ్మని బోర్డు పెట్టారు. ఆ రోజు పెద్దాయన తెల్లారకముందే వెళ్లి కొత్త తలుపు ముందు కుర్చీ వేసుకున్నాడు. వస్తారో రారో అని ఎవరూ నోరు తెరిచి అనలేదు. వచ్చారు. అట్టపెట్టెలు, బుట్టలు, సంచులు, నెత్తిమీద మూటలు. వానకు తడవకుండా చుట్టిన గుడ్డలు విప్పుతుంటే ఒక్కో ఇంటి వాసన వచ్చింది, సబ్బు, ఇంజనాయిలు, రొట్టె. చాలా పుస్తకాలకు వెళ్లేటప్పుడు లేని అట్టలున్నాయి. ఎవరింట్లో వాళ్లు, ఎవరూ చెప్పకుండానే, కొత్త కాగితం చుట్టారు. గలగల ఒక్కోటీ అందుకుని, అంకె చూసి, కొత్త అరల్లో పెడుతోంది. కొన్ని రాలేదు. పసిపిల్లాడు చింపినవి, పడకింట్లో కప్పు కారి పాడైనవి, ఏమయ్యాయో తెలియనివి. మేడమ్ వాటి గురించి ఎవర్నీ గట్టిగా అడగలేదు.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం, గలగల బడి నుంచి నేరుగా లైబ్రరీకి వచ్చింది. మేడమ్ బల్ల ముందు ప్రయాణపు దుమ్ముతో ఒకాయన నిలబడి ఉన్నాడు. వానల మధ్యలో ఉద్యోగం బదిలీ అయ్యి దూరపు ఊరు వెళ్లాడట. సంచిలోంచి మూడు పుస్తకాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"పార్సిలు చేస్తే సరిపోయేది కదండీ. సెలవు పెట్టుకుని ఇంత దూరం వచ్చారా?" అంది మేడమ్.

"దారిలో తడుస్తాయేమోనని భయం వేసిందండీ," అన్నాడాయన. ఆ తర్వాత కాస్త మొహమాటపడుతూ, "ఇప్పుడు ఈ ఊరివాణ్ని కాను కదా. ఇంకొకటి తీసుకెళ్లొచ్చా?" అన్నాడు.

మేడమ్ కళ్లజోడు కోసం బల్లమీద వెతుకుతూ గలగల వైపు చూసింది.

"రండి సార్, లోపలికి రండి," అంది గలగల. "మీకు ఎలాంటివి ఇష్టమో చెప్పండి."