మంచు పగోడా ముందు వట్టికాళ్లు

ముందే చెప్పేస్తున్నాను, నా మాటల్లో సగం తీసేసి చదువుకోండి. మా రంగూన్‌లో పజుండౌంగ్ వీధిలో చీలమండ దాకా నీళ్లు నిలిస్తే, ఈదుకుంటూ ఆఫీసుకు వెళ్లానని చెప్పే రకం నేను. యాభై దగ్గర పడినా ఆ బుద్ధి పోలేదు.

అవి మిలిటరీ వాళ్లు ఏలుతున్న రోజులు. పాస్‌పోర్టు కోసం నేను పెట్టిన సంతకాలు వరసగా పేరిస్తే ఊరి చివర తన్లిన్ వంతెన దాటి అవతల పడతాయి. నేను చేసేది ఒక టూర్ల ఆఫీసులో సామాన్లు చూసే పని. టీవీలో కొరియా సీరియళ్లు చూసి మతిపోయిన కొందరు రంగూన్ షావుకార్లు అక్కడి మంచు పండుగకు వెళ్తామంటే, వాళ్ల పెట్టెల వెనక నన్నూ పంపారు.

మా అన్నయ్య అప్పటికి తొమ్మిదేళ్లుగా కొరియాలోనే, ప్లాస్టిక్ కుర్చీల ఫ్యాక్టరీలో ఉన్నాడు. వీసా గడువు ఎప్పుడో తీరిపోయింది. ఒకసారి బయటికొస్తే మళ్లీ అడుగు పెట్టనివ్వరు. మొదట ఉత్తరాలు తగ్గాయి, తర్వాత ఫోన్లు తగ్గాయి. ఇక్కడ వదిన మా ఇంట్లోనే ఉంది. తన్లిన్‌లో ఉన్న వాళ్లన్న, కుట్టు దుకాణం పెట్టిస్తాను వచ్చెయ్యమని కబురు మీద కబురు పంపుతున్నాడు. వెళ్తే ఆ కాపురం ముగిసినట్టేనని ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ అనలేదంతే.

బయల్దేరే రోజు వదిన నాకు ఏడు స్వెట్టర్లు తొడిగింది. చేతులు కిందికి దిగక, దర్జీకి కొలతలిస్తున్నవాడిలా నిలబడ్డాను. ఆఖరి బొత్తం పెడుతూ అంది:

"ఇంకేటీ అడగొద్దు బాబూ. వస్తాడా, రాడా, అదొక్కటే అడుగు. మీ అన్న ఏటంటే అదే వచ్చి సెప్పు. నువ్వేటీ కలపకు."

పండుగ ఒక గడ్డకట్టిన నది మీద. రంగూన్ జనమంతా వచ్చి నిలబడినా ఇంకా చోటు మిగిలేంత నది. మనుషులు మంచుకి కన్నాలు పెట్టి, బోర్లా పడుకుని, ఉంగరం పోగొట్టుకున్నవాళ్లలా లోపలికి చూస్తున్నారు. చేపల కోసమట. నా మీసం పుల్లలా విరిగి చేతిలోకొచ్చింది. షావుకార్లు ఫొటోలు తీయించుకుంటుంటే నేను మంచుతో చెక్కిన గుడి దగ్గరికి నడిచాను. పోలీసులంటే భయం కాబట్టి, గుంపులో అయితే ఎవరూ పట్టించుకోరని అన్నయ్య ఫోన్లో రమ్మన్న చోటు అదే.

గుడి లోపల మంచు బుద్ధుడున్నాడు. చూడగానే, ఆలోచన లేకుండా, బూట్లు విప్పాను, మేజోళ్లు కూడా విప్పాను. మా ఊళ్లో పగోడా మెట్ల దగ్గర మేజోళ్లతో ఉన్నా ఊరుకోరు. వట్టికాళ్లతో మంచు మీద చేతులు జోడించాను. చుట్టూ పిల్లలు నవ్వారు. ముక్కు దాకా మఫ్లర్ కట్టుకున్న ఒకాయన నా కాళ్లనే చూస్తూ దగ్గరికొచ్చాడు.

"ఒరే, ఇక్కడెవులూ ఇప్పరు. ఏసుకో."

మొహం చూసి నేను అన్నయ్యను గుర్తుపట్టలేదు. ఆయన మాత్రం నా కాళ్లను చూసి రంగూన్ వాడినని పోల్చుకున్నాడు. స్వెట్టర్ల వల్ల నేను వంగలేకపోతే, తనే కూర్చుని నాకు మేజోళ్లు తొడిగాడు. కుడిచేతికి రెండు వేళ్లు సగానికే ఉన్నాయి. ఇది పెంచి చెప్పడం లేదు. మిషనా అంటే తలూపాడు. ఇంటి సంగతి ఒక్కటీ అడగలేదు. పక్కనున్న బండి దగ్గర ఉడికిన చేపముక్కలు తినిపించాడు. బస్సుకి టైమవుతుంటే నేనే వదిన ప్రశ్న అడిగాను. ఆయన, "వానలెల్లాక వస్తానని సెప్పు" అన్నాడు.

అదే వచ్చి చెప్పాను. వదిన మర్నాడు వాళ్లన్నకు రానని కబురు పంపింది. ఆ దుకాణం ఇంకెవరికో వెళ్లింది. వానలు వెళ్లాయి. మళ్లీ వచ్చాయి, మళ్లీ వెళ్లాయి. నాలుగేళ్లు అలా పోయాక, ఒక మధ్యాహ్నం ఒక్క పెట్టెతో తన్లిన్ బస్సెక్కింది. ఇప్పుడు పరాయి దుకాణంలో కూలికి కుడుతోంది.

సరే, కల్పించిందేదో చెప్పాలి కదా. స్వెట్టర్లు మూడే. మీసం విరగలేదు. నది అంత పెద్దదేం కాదు. వానల మాట అన్నయ్య అనలేదు. మింగళాడోన్ విమానాశ్రయంలో దిగి, షావుకార్ల పెట్టెల కోసం నిలబడి ఉండగా నేను కట్టిన మాట అది. ఆయనన్నది ఇది: "రానురా. దాన్ని కూకోబెట్టకండి, ఎల్లిపొమ్మను."

వదినకు ఇది ఈనాటికీ తెలియదు. తెలుగు మాట్లాడుతుంది గాని చదవడం రాదు, బర్మా అక్షరాలే వచ్చు. అందుకే ఇక్కడ రాయగలిగాను.